ఫోటో వెనుక రాసిన మాట

మన ఇళ్లలో బీరువాలోని పాత ఫోటో వెనక్కి తిప్పి చూస్తే ఒక్కోసారి సిరాతో రాసిన మాట కనిపిస్తుంది: "రంజాన్ పండగ, నిడమనూరు". ఆ ఒక్క మాట లేకపోతే అది ఎక్కడిదో, ఎప్పటిదో మనవలకు తెలిసే దారి లేదు.

ఇంటర్నెట్‌లో పెట్టే ఫోటోలకూ జనం ఇలాగే తమకు తోచిన మాటలు తగిలిస్తారు. వీటినే ట్యాగులు అంటారు. కాలంతో పాటు ఈ మాటలు ఎలా మారతాయో బొమ్మగా చూపే పద్ధతిని 2006లో యాహూ పరిశోధకులు రూపొందించారు. 2004లో మొదలైన ఫ్లికర్‌లోని ఫోటోల ట్యాగులను అందుకు తీసుకున్నారు. తెర మీద మాటలు ఒక బొమ్మలో నదిలా, మరొక దానిలో జలపాతంలా సాగిపోతాయి. ఎక్కువసార్లు రాసిన మాటను చూపడం వారి ఉద్దేశం కాదు. "పెళ్లి" అనే మాట ఏడాది పొడవునా ఉంటుంది. మిగతా కాలంతో పోలిస్తే ఆ కొద్ది రోజుల్లోనే ఉన్నట్టుండి పెరిగిన మాటను పట్టుకోవడమే అసలు పని.

ఏళ్లను ఒకదాని కింద ఒకటి పేర్చి ఇలాంటి బొమ్మ గీస్తే ఎలా ఉంటుంది? క్రిస్మస్ ఏటా డిసెంబరు 25నే కనుక నిట్టనిలువు స్తంభంలా నిలుస్తుంది. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది కనుక మెట్లలా పక్కకు జరుగుతుంది. 2006లో సెప్టెంబరు చివర మొదలైన ఉపవాసాలు 2025లో మార్చి మొదట్లో వచ్చాయి. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి మొదలవుతాయి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. పారశీ, ఉర్దూల దారిలో మనకు వచ్చిన పలుకు రంజాన్. అరబ్బీకి దగ్గరి పలుకు రమదాన్. విడిగా చెప్పకపోతే కంప్యూటరుకు ఇవి రెండు వేర్వేరు మాటలు. రేపు అందరూ రమదాన్ అని రాస్తే బొమ్మలో రంజాన్ తగ్గిపోతుంది. ఉపవాసం ఉండేవారు మాత్రం తగ్గరు!

ఊళ్ల సంగతీ అంతే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది. మిర్యాలగూడ, నిడమనూరు నల్గొండలోనే ఉన్నాయి. కోదాడ ఈద్గా ఫోటోకు అంతకుముందు "నల్గొండ జిల్లా" అని, ఆ తర్వాత "సూర్యాపేట జిల్లా" అని రాస్తారు. ఈద్గా మాత్రం కదలలేదు. బొమ్మ చూపేది మనుషులను కాదు, మనుషులు రాసిన మాటలను.

మాటే రాయని ఫోటో ఆ లెక్కలోకే రాదు. మన దాదీలు, నానీలు ఉండగానే పాత ఫోటోలు వారి ముందు పెట్టి అడుగుదాం. సెల్‌ఫోన్‌లో ఉన్నవాటికైనా, అట్టపెట్టెలో ఉన్నవాటికైనా పండగ పేరు, ఊరి పేరు, సంవత్సరం రాద్దాం. మన ఊరి మాట మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?