క్యాన్సర్ ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా పాకుతుంది?

"రొమ్ములో గడ్డ తీసేశారు కదా, ఇంకా మందులెందుకు? ఎముకలకు, ఊపిరితిత్తులకు స్కానింగ్ ఎందుకు?" ఆపరేషన్ అయ్యాక చాలామంది బంధువులు అడిగే ప్రశ్న ఇది. ఖర్చు, ప్రయాణం, రోగి నీరసం చూసి మీకూ ఈ సందేహం వచ్చి ఉండవచ్చు. దీనికి జవాబు తెలియాలంటే కీమోకైన్ల గురించి కొంచెం తెలుసుకోవాలి.

కీమోకైన్లు అంటే ఏమిటి?

ఇవి మన శరీరంలోనే తయారయ్యే చిన్న ప్రొటీన్లు. వేలు తెగినప్పుడు అక్కడి కణాలు కీమోకైన్లను విడుదల చేస్తాయి. బెల్లం ఉన్నచోటికి చీమలు చేరినట్టు, ఆ సంకేతాన్ని పట్టుకుని తెల్ల రక్తకణాలు గాయం దగ్గరకు వస్తాయి. సంకేతాన్ని గుర్తించడానికి వాటి పైపొరలో గ్రాహకాలు ఉంటాయి. ఇది దేవుడు మన శరీరంలో ఉంచిన కాపుదల.

క్యాన్సర్ దీనిని ఎలా వాడుకుంటుంది?

1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించారు. వ్యాధి కాలేయానికి తరచుగా పాకింది, ప్లీహానికి మాత్రం అరుదుగా పాకింది. విత్తనం ఎక్కడ పడినా, తగిన నేలలోనే మొలుస్తుందని ఆయన చెప్పారు. విత్తువాని ఉపమానం తెలిసిన మనకు ఈ మాట సులభంగానే అర్థమవుతుంది.

ఇందుకు ఒక కారణం 2001లో తెలిసింది. రొమ్ము క్యాన్సర్ కణాలపై సీఎక్స్‌సీఆర్4 అనే గ్రాహకం ఎక్కువగా ఉంటుంది. దానికి సరిపోయే సీఎక్స్‌సీఎల్12 అనే కీమోకైన్ ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక మజ్జ, లింఫు గ్రంథులలో ఎక్కువగా తయారవుతుంది. గడ్డ నుంచి విడిపోయిన కణం ఈ సంకేతం ఉన్నచోట నాటుకోగలదు. అలాంటి కణాలు కంటికి గాని, స్కానింగ్‌కు గాని కనిపించకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత మందులు ఇచ్చేది వాటికోసమే.

చికిత్సలో ఉపయోగం

సీఎక్స్‌సీఆర్4ను అడ్డుకునే ప్లెరిక్సాఫార్ మందుకు 2008లో అమెరికాలో అనుమతి లభించింది. మల్టిపుల్ మైలోమా, కొన్ని లింఫోమాల రోగులకు మూలకణ మార్పిడి చేసే ముందు, మజ్జలోని మూలకణాలు రక్తంలోకి వచ్చేలా దీనిని ఇస్తారు. సీసీఆర్4 అనే మరో గ్రాహకంపై పనిచేసే మొగాములిజుమాబ్‌కు 2012లో జపాన్‌లో ఒక రకం రక్త క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ పాకకుండా ఈ మార్గంలో ఆపే మందు మాత్రం ఇంకా సాధారణ వైద్యంలోకి రాలేదు. కాబట్టి డాక్టరు రాసిన మందులే ముఖ్యం.

మీరు చేయవలసినవి

* గడ్డ పోయిందని మందులు మధ్యలో మానిపించకండి. చెప్పిన తేదీకి పరీక్షకు తీసుకురండి.
* తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం, పొడి దగ్గు, పచ్చబడిన కళ్ళు, విడవని తలనొప్పి కనిపిస్తే ఆ తేదీ వరకు ఆగకండి.
* "కత్తి పెడితే పాకుతుంది" అనే మాట విని బయాప్సీని గాని, ఆపరేషన్‌ను గాని వాయిదా వేయకండి. ఆలస్యమే ఎక్కువ ప్రమాదం.
* క్యాన్సర్ పాకేది రోగి శరీరంలోనే, పక్కవారికి కాదు. వారి కంచం, మంచం వేరు చేయకండి. పక్కన కూర్చుని కలిసి భోజనం చేయండి.

వారికోసం ప్రార్థన చేయండి. మందు వేళ తప్పకుండా చూడండి. ఈ రెండూ ప్రేమతో చేసే సేవలే.