ఆంగ్ల భాషా బోధన: యంత్ర సాధనాలు, ఆటలు – ఒక పరిశీలన

ఒంగోలుకు పడమరగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చీమకుర్తి పేరు నేడు సముద్రాల అవతల కూడా వినబడుతున్నది. నల్లని రాతిలో బంగారు రజను చల్లినట్లు మెరిసే 'బ్లాక్ గెలాక్సీ' గ్రానైటుకు ఈ పరిసరాలే పుట్టిల్లు. మిరప, పొగాకు, ప్రత్తి పండే పొలాల నడుమ క్వారీలు వెలసిన తరువాత ఈ ఊరి వాడుకలోకి ఇంగ్లీషు మాటలు గుంపులుగా వచ్చి చేరాయి. బ్లాకు, స్లాబు, కటింగు, పాలిషింగు, లోడింగు, కంటైనరు, ఎక్స్‌పోర్టు – బడి ముఖం చూడని కూలీ సైతం వీటిని తన సొంత మాటలుగానే వాడుతాడు. అయినప్పటికీ సరుకుతోపాటు వెళ్ళే కాగితమో, తాను వేలిముద్ర వేయవలసిన ఒప్పందమో ఇంగ్లీషులో ఉంటే అతడు మరొకరి ముఖం చూడక తప్పదు. మాటలు ఉన్నాయి, వాక్యం లేదు. ఈ ప్రాంతంలో ఆంగ్ల బోధన సమస్య చాలావరకు ఈ రెంటి మధ్యనున్న దూరంలోనే ఉన్నది.

తన కాగితాన్ని తానే చదువుకోవడం అనేది చిన్న విషయం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో ఉండగా యూదులతో జరిగే ఉత్తర ప్రత్యుత్తరాల కోసం హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను వారి లిపి నేర్చుకోమని ఆదేశించారు. జైద్ (రజి) పదిహేను రోజులు గడవకముందే దానిని నేర్చి, ఆయన (స) లేఖలు వ్రాయడానికీ, వచ్చిన లేఖలు చదివి వినిపించడానికీ సిద్ధమయ్యారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మధ్యవర్తి చదివి చెప్పినదానిని నమ్ముకొని ఉండరాదన్నదే అందులోని ఉద్దేశం. పరాయి భాష నేర్చుకుంటే ధర్మానికి హాని కలుగుతుందని శంకించేవారు నేటికీ అక్కడక్కడ ఉన్నారు గనుక ఈ సంఘటనను ఇక్కడ జ్ఞాపకం చేయవలసి వచ్చింది.

చీమకుర్తి ప్రాంతపు ముస్లిం బాలుని పరిస్థితి కొంత విచిత్రమైనది. దూదేకుల కుటుంబాలలో ఇంటి భాష తెలుగు. మరికొన్ని ఇళ్ళలో దక్కనీ ఉర్దూ. ఉదయం మక్తబ్‌లో ఖాయిదా తెరిచి అరబీ అక్షరాలు, పగలు బడిలో తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పాఠ్యపుస్తకం, సాయంత్రం వీధిలో మళ్ళీ తెలుగు. పదేళ్ళు నిండకముందే మూడు లిపులు అతని కంటి ముందు నిలుస్తాయి. దీనిని భారమని పెద్దలు జాలిపడుతూ ఉంటారు. అందులో కొంత బలం కూడా ఉన్నదన్న సంగతి ముందు ముందు తెలియగలదు.

పల్లె పిల్లల చదువుకు యంత్రాన్ని తోడు తెచ్చుకోవడం కొత్త ఆలోచన కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు ప్రసారం చేశారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తరువాత కంప్యూటరు వచ్చింది, దాని వెనుక చేతిలో ఇమిడే ఫోను వచ్చింది. 2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబ్‌ల పంపిణీకి పూనుకున్నది. అందులో బైజూస్ సంస్థ తయారు చేసిన పాఠాలు నింపి ఇచ్చారు. 2023లో తరగతి గదుల గోడలకు పెద్ద తెరలు అమర్చసాగారు. అదే సంవత్సరం జూన్‌లో అమెరికాకు చెందిన ఇ.టి.ఎస్. సంస్థతో ఒప్పందం కుదిరి, ప్రభుత్వ బడి పిల్లలకు టోఫెల్ ప్రైమరీ, జూనియర్ పరీక్షల శిక్షణ మొదలైంది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత ఆ పరీక్షల ఏర్పాటు నిలిచిపోయింది. బైజూస్ సంస్థ వ్యవహారం దివాలా విచారణకు ఎక్కింది. ఒక ఏడాది తెచ్చినది మరు ఏడాదికి మూలపడితే పిల్లవాడు దేనికని అలవాటు పడతాడు? అయితే ఇక్కడ రాజకీయాలకంటే ముఖ్యమైన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఈ సాధనాలు పిల్లవాని చేత ఏమి చేయించాయి?

టెలివిజన్ చూపించింది. ట్యాబ్‌లోని పాఠం కూడా అత్యధిక భాగం చూపించింది. చక్కని బొమ్మలు, స్పష్టమైన ఉచ్చారణ, చివర నాలుగు జవాబులలో ఒకదానిపై వేలు పెట్టడం – ఇంతసేపూ పిల్లవాని నోరు మూసుకొనే ఉన్నది. చూపించే యంత్రం గణితానికో విజ్ఞాన శాస్త్రానికో కొంత మేలు చేయవచ్చు. భాష మాత్రం నోరు తెరవనిదే రాదు. కనుక ఇంగ్లీషు బోధనకు పనికివచ్చే యంత్రం, వినే యంత్రం.

ఇటువంటి యంత్రంతో జరిగిన తొలి ప్రయోగాలలో ఒకటి మన హైదరాబాదులోనే, పీస్ హైస్కూలు అనే చిన్న ప్రైవేటు బడిలో జరిగింది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ, పరిమళా ఇనాందార్, పాలీన్ డిక్సన్ దానిని నిర్వహించి 2003లో ఫలితాలు ప్రకటించారు. 12 నుండి 16 ఏళ్ళ వయసు గల పదహారు మంది పిల్లలను చిన్న జట్లుగా చేసి, ఐదు నెలలపాటు ఒక కంప్యూటరును వారికి అప్పగించారు. అందులో ఇంగ్లీషు నేర్పే ఒక పాఠ్యక్రమం, కొన్ని ఇంగ్లీషు చలనచిత్రాలు, మాట వినగానే దానిని అక్షరాలుగా వ్రాసే ఒక ప్రోగ్రాము ఉంచారు. ఉపాధ్యాయుని జోక్యం దాదాపు లేదు. ఆ రోజులలో అటువంటి ప్రోగ్రాము ముందుగా ఒకరి గొంతుకు అలవాటు పడవలసి ఉండేది; ఆ తరువాత మరొకరు చదివితే, ఉచ్చారణ ఎంత దగ్గరగా ఉంటే అంత సరిగా వ్రాసేది. పిల్లలు చదివారు, యంత్రం ఏదో వ్రాసింది, పిల్లలు మళ్ళీ చదివారు. ఐదు నెలల అనంతరం వారి ఉచ్చారణ మెరుగుపడినట్లు తేలింది. అంతేకాదు, యంత్రం ఇచ్చిన తీర్పు, మనుషులైన పరీక్షకుల తీర్పు ఇంచుమించు సరిపోలాయి.

పదహారు మంది పిల్లలు, ఒక్క బడి, అదీ ఉచ్చారణ ఒక్కటే. దీనినిబట్టి పెద్ద సిద్ధాంతాలు కట్టడం తగదు. మాట చక్కగా పలికినంత మాత్రాన దాని అర్థం తెలిసినట్లు కాదు. అయినా ఈ ప్రయోగంలో ఒక సంగతి మక్తబ్ నడిపే ప్రతి ఉస్తాద్‌కు పరిచితమైనదే. ఖుర్ఆన్ పఠనం పద్నాలుగు శతాబ్దాలుగా ఇదే పద్ధతిలో అందుతూ వస్తున్నది. శిష్యుడు చదువుతాడు, గురువు వింటాడు, తప్పు దొర్లినచోట ఆపుతాడు, శిష్యుడు తిరిగి చదువుతాడు. గ్రంథం ముందుంచుకొని తనంతట తాను నేర్చినవాని పఠనానికి తజ్వీద్ పండితులు విలువనివ్వలేదు. నోటికీ చెవికీ మధ్య ఉన్న ఆ బంధాన్ని హైదరాబాదు ప్రయోగం ఒక కంప్యూటరులో వెదకింది.

ఇక ముందు ప్రస్తావించిన బలం మాట. తెలుగు ఇంటి భాషగా గల పిల్లవాడు ఇంగ్లీషు మాటకు చివర అచ్చు తగిలిస్తాడు: బుక్కు, రోడ్డు, పెన్ను. ఉర్దూ ఇంటి పిల్లవాడు కొన్నింటికి ముందు తగిలిస్తాడు: ఇస్కూల్, ఇస్టేషన్. ఇద్దరికీ 'థింక్', 'దిస్' అనే మాటల మొదటి ధ్వనులు కొరుకుడు పడవు. తెలుగువాడు థకార దకారాలతో సరిపెట్టుకుంటాడు. అయితే మక్తబ్‌లో తజ్వీద్ శ్రద్ధగా నేర్చిన పిల్లవానికి ఈ రెండు ధ్వనులూ ముందే వచ్చు! అరబీలోని 'సా' అనే నాలుగవ అక్షరాన్ని పలకడానికి నాలుక కొనను పై పళ్ళ అంచుకు తాకించి ఊపిరి వదలమని ఉస్తాద్ నేర్పుతాడు. 'థింక్' మొదటి ధ్వని అదే. 'జాల్' అక్షరానికి అదే స్థానంలో గొంతు కలుపుతారు. 'దిస్' మొదటి ధ్వని అది. 'ఫా' అక్షరానికి పై పళ్ళు క్రింది పెదవిని తాకుతాయి. ఇంగ్లీషు 'ఫాదర్' కూడా అట్లే పలకాలి. 'వావ్' అక్షరానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. 'వాటర్' అనడానికీ అంతే. నిత్య వ్యవహారపు ఉర్దూలో 'సా' సకారంగానూ, 'జాల్' మామూలు జకారంగానూ మారిపోతాయి గనుక ఈ పోలిక చాలామంది దృష్టికి రాలేదు. ఉదయం ఆరు గంటలకు సంపాదించిన సొమ్మును పది గంటలకు బడిలో ఖర్చు చేయవచ్చునని ఆ పిల్లవానికి ఎవరూ చెప్పలేదు. మక్తబ్ ఉస్తాద్, బడి పంతులు ఒకే వీధిలో నివసిస్తూ కూడా ఈ విషయమై ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం విచారకరం.

ఆటల సంగతి కొంత జాగ్రత్తగా పరిశీలించాలి. ఇస్లాం ఆటలకు విరోధి కాదు. హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకోవడం, హబషీలు మస్జిదులో బల్లెములతో చేసిన విన్యాసాలను దైవప్రవక్త (స) ఆమెకు చూపించడం ప్రసిద్ధమే. నిషిద్ధమైనది జూదం. ఫోనులోని ఆటలలో ఈ రెంటి నడుమ గోడ చాలా పలుచన. అక్షరాలు కూర్చే ఆటల మధ్యనే పందెపు ఆటల ప్రకటనలు తొంగిచూస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టం చేస్తూ, విద్యా వినోదాలకు ఉపకరించే ఆటలను మాత్రం ప్రోత్సహించాలన్నది. చట్టం ఎంత ఉన్నా, పిల్లవాని చేతికి ఫోను ఇచ్చే పెద్దలు ముందుగా ఆ ఆటను తాము ఒకసారి ఆడి చూడటం అవసరం.

మరొక చిక్కు ఏమిటంటే, ఇటువంటి ఆటలలో ఎక్కువ భాగం పట్టణపు పిల్లలను, పాశ్చాత్య వీడియో ఆటలను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు తన బృందంతో ఉత్తర భారత గ్రామాలలో ఫోను ఆటల ద్వారా ఇంగ్లీషు నేర్పే యత్నం చేసినపుడు, ఆట ఎట్లా ఆడాలో తెలియక పిల్లలు తడబడటం గమనించాడు. అందుచేత ఆ బృందం 28 సంప్రదాయ గ్రామీణ క్రీడలను పరిశీలించి, వాటి పోకడలోనే ఫోను ఆటలు రూపొందించి, ఆ అధ్యయనాన్ని 2009లో ప్రకటించింది. చీమకుర్తిలోనైతే కోతికొమ్మచ్చి, బిళ్ళంగోడు, వామనగుంటలు వంటివి అందుకు ఆధారం కాగలవు. ఇవన్నీ జట్టుగా, అరుచుకుంటూ, తగవులాడుకుంటూ ఆడేవి. భాష నేర్చుకొనే చోటు ఆ తగవులోనే ఉన్నది. ఒంటరిగా కూర్చొని తెరపై నక్షత్రాలు ప్రోగుచేసే ఆటలో తగవు ఎవరితో పడతాడు?

ఇందుకు ఖరీదైన సాధనం అక్కరలేదు. నేటి ప్రతి స్మార్ట్‌ఫోనులోనూ మాటను అక్షరాలుగా మార్చే సదుపాయం ఉన్నది. ఇంగ్లీషుకు సంబంధించిన భాగాన్ని ఒకసారి దించుకుంటే చాలా ఫోనులలో ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది. గూగుల్ సంస్థ 2019లో 'బోలో' పేరుతో విడుదల చేసి, తరువాత 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చిన ప్రోగ్రాము కూడా పిల్లవాడు బిగ్గరగా చదువుతుంటే విని, తప్పినచోట అందించే తరహాదే. నలుగురు పిల్లల మధ్య ఒక్క ఫోను పెట్టాలి. ఒకడు 'షిప్' అనాలి, మిగిలినవారు యంత్రం ఓడ అని వ్రాస్తుందో గొర్రె అని వ్రాస్తుందో ముందే చెప్పాలి. మాటలు అయిన తరువాత వాక్యాలకు రావాలి: క్వారీ గురించి, మిరప కోత గురించి, నిన్నటి వాన గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం. యంత్రం తప్పుగా వ్రాసినపుడు తప్పు పలికినవానిదా, యంత్రానిదా అని తేల్చుకోవాలి. యంత్రానిది కావడానికి చాలా అవకాశం ఉన్నది; అది ఎక్కువగా విన్న గొంతులు వేరు, ప్రకాశం జిల్లా పిల్లల గొంతులు వేరు. అప్పుడు తీర్పు చెప్పడానికి పంతులు కావాలి. పంతులు లేకుండా గడిచిపోతుందన్న ఆశతో యంత్రాన్ని కొనేవారికి ఈ పద్ధతి నచ్చకపోవచ్చు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది తండ్రి తరువాత కొడుకు చేతికి చేరుతుంది. కూతురు అంట్లు తోమి వచ్చేసరికి ఛార్జింగు అయిపోతుంది. ఇంటికి ఇచ్చిన సాధనం ఆమెకు అందదు గనుక, బడి విడిచిన తరువాత అరగంటసేపు బడిలోనో మక్తబ్‌లోనో ఫోను ఉంచి, ఆడపిల్లల జట్లకు వేరుగా వంతు కేటాయించడం మేలు. మక్తబ్‌లోనైతే మొదట ఖాయిదాలోని 'సా' అక్షరం ఉన్న పదాలు ఉస్తాద్ ముందు చదివించి, వెంటనే ఫోను ముందు 'త్రీ', 'థర్స్‌డే', 'మంత్' అనిపించవచ్చు. నాలుక కొన అప్పటికే ఉండవలసిన చోట ఉంటుంది.