పురుగు కంటే ముందు తడిని పట్టాలి

అడవివరం, సింహాచలం, గోపాలపట్నం వైపు ఇళ్లలో పురుగూ పుట్రా బెడద ఏటా ఇంచుమించు ఒకే వేళకు ముదురుతుంది. ఆషాఢ పౌర్ణమికి జనం సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకు బయల్దేరే నాటికి ముసురు పట్టి ఉంటుంది. కొండవైపు గోడ చెమరుస్తుంది, అటక మీది అట్టపెట్టెలు మెత్తబడతాయి, సింకు కింద బొద్దింకలు తిరుగుతాయి. మురికి వల్లేననుకుని ఇంకో రెండు బకెట్లు పోసి ఇల్లు కడుగుతాం. ఆ నీళ్లు మూలల్లో ఆరకుండా నిలిస్తే పురుగుకు మేలు చేసినట్టే.

వంటింట్లో తిరిగే చిన్న బొద్దింకనే చూడండి. నీళ్లు దొరికితే తిండి లేకున్నా నెల దాకా లాగిస్తుంది. నీళ్లే లేకపోతే రెండు వారాలు గడవడం కష్టం. అందుకే రాత్రి పడుకునేముందు అంట్లు తోమడం ఎంత ముఖ్యమో, సింకూ గట్టూ పొడిగుడ్డతో తుడవడం అంతకంటే ముఖ్యం. కారే కొళాయికి వాషర్ వేయిస్తే, అది స్ప్రే డబ్బా కంటే ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఆడ బొద్దింక ముప్పై, నలభై గుడ్లున్న తిత్తిని పొదిగేదాకా మోసుకు తిరుగుతుంది. స్ప్రే ఆ తిత్తిలోకి సరిగా దిగదు. మందు కొట్టిన కొన్నాళ్లకు పిల్లలు కనిపించేది అందుకే. ఇక చీమలకు సుద్దతో గీసే గీత సంగతి. రామాయణంలోని లక్ష్మణ రేఖే నిలవలేదు. ఇదీ అంతే, చీమల బారు పక్కనుంచి తిరిగొస్తుంది. డబ్బా మూత బిగించి, చక్కెర మరక తుడిస్తే బారు దానంతటదే చెదిరిపోతుంది.

కొండ కింది ఇళ్లకు అసలు శత్రువు చెద. దాని ఒళ్లు మెత్తన, గాలి తగిలితే ఎండిపోతుంది. అందుకే నేలలోంచి గోడ మీదుగా ద్వారబంధం దాకా మట్టి గొట్టం కట్టుకుని, ఆ చెమ్మలోనే నడుస్తుంది. గొట్టం గీకేసి కిరసనాయిలు రాస్తే కనబడినవి చస్తాయి, రాణి మాత్రం మట్టిలో గుడ్లు పెడుతూనే ఉంటుంది. గీకిన చోట మళ్లీ గొట్టం కట్టాయంటే దారి ఇంకా నడుస్తోందన్నమాట. నేలకు మందు పట్టించే పనివాళ్లను పిలవాల్సిందే. తొలి వానకు ట్యూబులైటు చుట్టూ మూగే ఉసిళ్లు కూడా చెదలే, రెక్కలొచ్చినవి. బయటి నుంచి వచ్చిపడితే బెంగ లేదు. చౌకట్టు సందులోంచో గోడ పగుల్లోంచో బయటికొస్తే మాత్రం పుట్ట ఇంటి అడుగునే ఉందని అనుమానించాలి. గోడకు ఆనించిన కట్టెలు, నేల మీది అట్టపెట్టెలు, పెరటి మట్టి తగిలే తలుపు చెక్క, ఇవన్నీ మనం చేతులారా వేసిన నిచ్చెనలు.

గుడ్డు దోమగా ఎదగడానికి వారం గడువు చాలు. డెంగీ దోమ గుడ్లు తొట్టి గోడకు, నీటి గీతకు పైన అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికుంటాయి. కాబట్టి నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి లోపల రుద్ది కడగాలి. శుక్రవారం డ్రైడే అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఈ వారం లెక్కతోనే. మిద్దె మీది ట్యాంకు మూత మరువకండి. పట్నాల్లో మలేరియా మోసే దోమకు ఆ శుభ్రమైన నీళ్లే ఇష్టం.

కొండ పనస, అనాసల కాలంలో తొక్కలు పెరట్లో కుప్ప పోస్తే ఈగలతో మొదలై ఎలుకల దాకా వస్తాయి. ఎలుకల వెనక పాములు. చుంచెలుక పిల్లకు పెన్సిలు పట్టే కంత చాలు. పైపు గోడలోకి వెళ్లే చోట స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయాలి, కాలువ నోటికి జాలీ వేయాలి.

ఈ మరమ్మతులకు ముహూర్తం వేసవిలో సింహాచలం చందనోత్సవం వెళ్లాక, ముసురు పట్టకముందు. అప్పుడైతే గోడలు ఎండి ఉంటాయి, పూసిన సిమెంటు పట్టుకుంటుంది. అపార్టుమెంట్లలో ఇంకో మెలిక ఉంది. ఒక్క ఫ్లాటువాళ్లే బొద్దింకలకు మందు పెడితే, అవి పైపుల షాఫ్టు వెంట పక్కింటికి పోయి, నెలలో తిరిగొస్తాయి. అన్ని అంతస్తులవాళ్లూ ఒకే రోజు ఆ షాఫ్టు తలుపులు తెరిపించి మందు పెట్టించాలి.