వార్తల్లో పదం: ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా

ఎముకకు దార్ఢ్యము నొసగు ఒకటవ రకపు కొల్లాజెన్ అను మాంసకృత్తు, జన్యుదోషమువలన కొఱతగనో వికృతముగనో తయారగుటచే, స్వల్పమైన తాకిడికే శిశువు ఎముకలు విఱుగు రుగ్మత యిది. సుమారు 15-20 వేల జననములలో నొకరికి కలుగును. కోనసీమ పల్లెలలో నిట్టి బిడ్డను గన్న తల్లి మొదట నేర్వవలసినది ఎత్తుకొనుట: చంకలు పట్టి లేవనెత్తక, వీపు క్రిందను పిఱుదుల క్రిందను అరచేతులు పఱచి ఎత్తవలెను. నూనె రాచి కాలుసేతులు సాగదీయు మన పెద్దమ్మల స్నానవిధి, ఎంత ముచ్చటైనదైనను, ఇచట వర్జ్యము.

వంగిన యెముకను ఖండములుగ కోసి, తిన్నగ కూర్చి, లోహదండము గ్రుచ్చు పద్ధతిని సోఫీల్డ్, మిల్లర్ అను వైద్యులు 1959లో ప్రకటించిరి. బిడ్డ యెదిగినకొలది తానును సాగు ఫాసియే-డ్యువాల్ దండము పిమ్మట వచ్చినది. పామిడ్రోనేట్ వంటి మందులు ఎముక సాంద్రతను పెంచును గాని మూలదోషమును మాన్పజాలవు.

విఱిగిన యెముకకు వేసిన కట్టు విప్పిన పిమ్మటను భయముచేత బిడ్డను మంచముననే యుంచుట వాత్సల్యమే కాని, నిశ్చలత ఎముకను మఱింత క్షీణింపజేయును. కావున వైద్యుని యనుమతితో నీటిలో కాళ్లాడించుట, ఆనించి నిలబెట్టుట శీఘ్రముగ నారంభింపవలెను. అరుదైన వ్యాధులకై 2021లో వెలువడిన జాతీయ విధానము క్రింద హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి ఒక విశిష్ట కేంద్రము. కోనసీమనుండి అది రాత్రి ప్రయాణము గనుక, మెత్తని పఱుపును, పాత ఎక్స్‌రేలను వెంటగొనిపోవుట మేలు.