విద్యార్థుల మనోవ్యథ – తల్లుల కర్తవ్యము



బిడ్డకు జ్వరము వచ్చినచో మనము వెంటనే నుదురు తాకి చూతుము. దగ్గు వచ్చినచో మిరియాల కషాయము కాచి యిత్తుము. తగ్గనిచో వైద్యుని కడకు గొనిపోవుదుము. ఇందులకు సిగ్గుపడువారెవ్వరును లేరు. కాని పట్టణమున హాస్టలులో నుండి విశ్వవిద్యాలయమున చదువుకొను బిడ్డ “అమ్మా, మనసేమీ బాగుండడంలేదు” అన్నచో ఆ మాటకు మాత్రము మన యొద్ద మందు లేదు. “అవన్నీ ఆలోచించకు, చదువుకో” అని ఫోను పెట్టివేయుదుము. ఈ విషయమును గూర్చియే నేడు నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

ఇంటర్మీడియటు ముగియునప్పటికి బిడ్డకు పదునేడు పదునెనిమిదేండ్లుండును. ఊరి బడిలో తానే మొదటిది. క్రొత్తగా చేరిన చోట ప్రతియొక్కరును తమ తమ బడులలో మొదటివారే. తెలుగులో చదివి వచ్చిన పిల్లకు ఇంగ్లీషు పాఠము సగమే యర్థమగును. అడుగుటకు నోరు రాదు. పరీక్ష తప్పినచో బ్యాక్‌లాగులు మిగులును. బ్యాంకులో అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రి ముఖము కన్నుల యెదుట నిలుచును. మనోవ్యాధులు మొలకెత్తు వయసును అదియే. అమెరికాలో 2005లో వెలువడిన యొక పెద్ద పరిశోధనమున, జీవితములో నెన్నడైన మనోవ్యాధి పాలగువారిలో నాలుగింట మూడువంతుల మందికి 24 ఏండ్లలోపుననే అది యారంభమగునని తేలినది. జాతీయ నేరనమోదు సంస్థ లెక్కప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమందు 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఇట్టి మరణమున కెన్నడును ఒక్కటే కారణముండదు. అయినను సకాలమున వినువారు దొరకినచో వీరిలో పలువురు బ్రదికియుందురని యనుకొనుట తప్పుకాదు.

అట్లు వినుటకే కళాశాలలలో కౌన్సిలర్లను నియమించుచున్నారు. కౌన్సిలరనగా సోదె చెప్పువారు కారు. నీతిబోధ చేయువారును కారు. మనశ్శాస్త్రము చదివి, బాధపడువారి మాట వినుటయందు అభ్యాసము పొందినవారు. సాధారణముగా ముప్పాతిక గంటయో, గంటయో విద్యార్థి యెదుట కూర్చుండి, అతడు చెప్పునది అడ్డురాక విందురు. నిద్ర యెట్లున్నది, ఆకలి యెట్లున్నది, ఎప్పటినుండి యిట్లున్నదని యడుగుదురు. ఒక్క పరీక్ష పోయినంతనే బ్రదుకంతయు పోయినదను తలంపు ఎంతవరకు నిజమో అతనిచేతనే తరచి చూపింతురు. వారు మందులీయరు. మందవసరమని తోచినచో సైకియాట్రిస్టు కడకు పంపుదురు. మనసు క్రుంగుటకిచ్చు మందులు గుణము చూపుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు నాళ్లకే గుణము కనబడలేదనిగాని, కొంచెము తేరుకొన్నంతనే తగ్గిపోయినదనిగాని, వైద్యుని అడుగక వానిని మానరాదు.

మా వీధిలోని యొక యిల్లాలు మొన్న మా యింటికి వచ్చి కన్నీరు పెట్టుకొన్నది. ఆమె కుమార్తె ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నది. నెలనాళ్లు రాత్రులు నిద్రలేక, తరగతికి బోలేక, తుదకు తనంత తానే కళాశాలలోని కౌన్సిలరు కడకు బోయి, ఆ సంగతి ఫోనులో తల్లికి చెప్పినదట.

“వదినగారూ, అది పిచ్చివాళ్లు వెళ్లే చోటు కాదూ? రేపీ సంగతి బయటపడితే దానికి సంబంధాలు వస్తాయా?” అని యామె వాపోయినది.

“నిద్ర పట్టడంలేదని మీతో ముందెప్పుడైనా చెప్పిందా?” అని యడిగితిమి.

ఆమె కొంతసేపూరకుండి, “రెండుమూడుసార్లు చెప్పింది. ఆ ఫోను చూడటం మానెయ్యమన్నాను” అన్నది.

ఆమె చెడ్డతల్లి కాదు. మనలో పలువురము ఆ స్థానమందు ఆ మాటయే చెప్పియుందుము. కాని నూతిలో పడిన బిడ్డ తాడు పట్టుకొని పైకి వచ్చుచుండగా, ఆ తాడు పట్టుకొనుట ఎవరు చూచిరో యని వగచుట తగునా? ఈ మాటయే మేమామెతో నంటిమి. ఆ సాయంకాలము ఆమె కుమార్తెకు ఫోనుచేసి, “నువ్వు వెళ్లి మంచిపని చేశావమ్మా” అన్నదట. ఆవలినుండి చాలసేపు మాట రాలేదట. పిదప ఆ పిల్ల గంటసేపు మాటలాడినదట.

సంబంధముల భయము గలవారు చట్టమును గూర్చియు కొంత తెలిసికొనవలయును. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్యరక్షణ చట్టము ప్రకారము, చికిత్స చేయువారు రోగి సంగతిని గుట్టుగా నుంచవలయును. ప్రాణాపాయము తప్పించుట వంటి కొన్ని సందర్భములలోనే, అవసరమైనంత మేరకు ఇతరులకు తెలుపవచ్చును. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసిక యొత్తిడిలో నుండిరని భావింపవలయునే గాని వారిని శిక్షింపరాదని యా చట్టమే చెప్పుచున్నది. కావున పోలీసులకు వెరచి, ఆసుపత్రికి గొనిపోక దాచుట కేవలము అజ్ఞానము.

మాటలాడు విధము తెలియదందురా? మన సుందరకాండమే మనకు గురువు. అశోకవనమున సీతమ్మ ప్రాణములపై ఆశ విడిచియున్న వేళ, హనుమంతుడు ఆమెను పలుకరించుటకు ముందు ఏ భాషలో మాటలాడవలయునని యాలోచించెను. సంస్కృతమున పలికినచో రావణుడని తలచి భయపడునని యెంచి, మనుష్యుల వాడుకమాటలలో, మధురముగా, ఆమెకు ప్రియమైన రామకథతో నారంభించెను. రాజపుత్రివై యుండియు ధైర్యము లేదా యని మందలింపలేదు. మొదట భయము తీర్చెను, తక్కినవన్నియు తరువాతనే. మనము చేయవలసినదియు నదియే.

బిడ్డ కొన్ని వారములుగా నిద్రాహారములు తప్పినను, స్నేహితులను విడిచి యొంటరిగా నుండుచున్నను, ఇష్టమైన వస్తువులను ఊరకే పంచిపెట్టుచున్నను, “నేను లేకపోతే మీకు బాధ ఉండదు” వంటి మాట లాడుచున్నను ఉపేక్షింపరాదు. “చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?” అని సూటిగా, ప్రేమతో అడుగవలయును. అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదని పరిశోధకులు తేల్చియున్నారు. మనసులోని బరువు చెప్పుకొనుటకు దారి దొరకును. ఔనన్నచో మనము కేకలు వేయరాదు, ఒట్లు పెట్టించుకొనరాదు. బిడ్డ నొంటరిగా విడువక, 14416 అను నంబరునకు ఫోను చేయవలయును. టెలిమానస్ అను నీ ప్రభుత్వసేవ 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైనది. రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటలాడుదురు. అపాయము దగ్గరనున్నచో 108కి ఫోను చేయుటయో, తిన్నగా ఆసుపత్రికి గొనిపోవుటయో మేలు. బిడ్డ దూరమున నున్నచో హాస్టలు వార్డెనును వెంటనే పిలిచి, మనము బయలుదేరి చేరువరకు తోడుండుమని కోరవలయును.

విశాఖపట్టణమున చదువుచు మరణించిన యొక బాలిక తండ్రి వేసిన వ్యాజ్యముపై సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెప్పెను. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయందును శిక్షణ పొందిన కౌన్సిలరుగాని, మనశ్శాస్త్రజ్ఞులుగాని, సాంఘిక సేవకులుగాని ఒక్కరైన నుండవలయుననియు, సహాయపు ఫోను నంబర్లను హాస్టళ్లలోను తరగతులలోను అందరికి కనబడునట్లు వ్రాయించవలయుననియు ఆజ్ఞాపించెను. మార్కులను బట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీయుట, పదుగురిలో అవమానించుట కూడదనియు చెప్పెను.

తీర్పు కాగితముపై నున్నంత మాత్రమున ఫలము లేదు. అడుగువారుండవలయును. బిడ్డను కళాశాలలో చేర్చునాడు ఫీజెంత, భోజనమెట్లు, గదికి గాలి వచ్చునా యని మనము తప్పక యడుగుదుము. దానితోపాటు “ఇక్కడ కౌన్సిలరెవరు? ఏ వేళ ఉంటారు? మా అమ్మాయి సంగతి గుట్టుగా ఉంచుతారా?” అనియు నడుగుదము. బిడ్డ ప్రక్కన నుండగనే యడుగుదము. కష్టము వచ్చిననాడు ఆ గది తలుపు తట్టుటకు తల్లి అనుమతి ముందే దొరకినదని ఆ బిడ్డకు తెలియును.