మేడ మీద కాక్‌పిట్: బోయింగ్ 747 కథ

జంబో జెట్‌గా పేరుపడ్డ బోయింగ్ 747 పుట్టుకకు కారకుడు పాన్ అమెరికన్ విమాన సంస్థ అధిపతి వాన్ ట్రిప్. అప్పటి 707 కంటే రెండింతలకు పైగా ప్రయాణికులను మోసే విమానం కావాలని పట్టుబట్టి, 1966 ఏప్రిల్‌లో 25 విమానాలకు ఆర్డరిచ్చాడు. అప్పటికి అది ఇంకా కాగితం మీదే ఉంది.

రూపకల్పన బాధ్యత జో సట్టర్‌ది. ఇక ముందు ప్రయాణికులంతా ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాలే ఎక్కుతారని, 747 చివరికి సరుకులకే పనికొస్తుందని ఆనాటి అంచనా. అందుకే ముక్కు పైకి తెరుచుకుని పొడవాటి సరుకు నేరుగా లోపలికి వెళ్లేలా కాక్‌పిట్‌ను మేడ మీదికి ఎక్కించారు. ఎద్దు మూపురంలా కనిపించే ఆ ఉబ్బు అలా వచ్చింది. అంచనా తప్పింది గానీ ఆకారం నిలిచింది.

ఏ ఒక్క భాగం పాడైనా విమానం కూలకూడదన్నది సట్టర్ పట్టుదల. నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థలు, ముక్కలుగా విభజించిన చుక్కానులు, రెక్కల కింద, పొట్ట కింద కలిపి పదహారు చక్రాలు, ముక్కు కింద మరో రెండు దాని ఫలితమే.

అసలు తలనొప్పి ఇంజన్లది. ప్రాట్ అండ్ విట్నీ జెటి9డి అప్పటికి సరికొత్తది. ముందున్న పెద్ద ఫ్యాన్ పీల్చిన గాలిలో అధికభాగం మంటలోకి పోకుండా పక్కనుంచే వెనక్కి దూసుకుపోతుంది. ఇంధనం ఆదా అయ్యేది అక్కడే. కానీ పూర్తి బలంతో నెట్టేటప్పుడు ఇంజన్ తొడుగు వంగి కోడిగుడ్డు ఆకారానికి తిరిగేది. లోపలి బ్లేడ్లు దానికి రాసుకునేవి. తోపుడు బలం ఒక్కచోటే పడకుండా బిగింపు చట్రాన్ని మార్చాక గాని అది కుదుటపడలేదు. ఈలోగా ఇంజన్లు అందని విమానాలు ఎవరెట్ కర్మాగారం బయట బారులు తీరాయి. రెక్కలకు ఇంజన్ల బదులు కాంక్రీటు దిమ్మెలు వేలాడాయి. 1970 జనవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు తొలి ప్రయాణం రోజునే ఇంజన్ వేడెక్కి, మరో విమానాన్ని తెచ్చి గంటల ఆలస్యంగా బయలుదేరవలసి వచ్చింది.

చెడిన ఇంజన్ దూరదేశంలో ఉంటే 747 రెక్క కింద అయిదో ఇంజన్ తగిలించుకుని అక్కడికి మోసుకెళ్లగలిగేది. మరమ్మతు సామాను తానే తెచ్చుకునే విమానాలు అరుదు.

ఎయిర్ ఇండియాకు తొలి 747, ‘ఎంపరర్ అశోక’, 1971లో అందింది. ఆ రోజుల్లో కాక్‌పిట్‌లో పైలట్లు ఇద్దరితో పాటు ఫ్లైట్ ఇంజనీరూ కూర్చుని ఇంధనం, ఇంజన్లు, విద్యుత్తు కనిపెట్టేవాడు. 1989లో సేవలోకి వచ్చిన 747-400లో ఆ పని కంప్యూటర్లు తీసుకున్నాయి. మూడో కుర్చీ పోయింది.

రెండు ఇంజన్ల విమానాలే మహాసముద్రాలు దాటడం మొదలయ్యాక నాలుగింటి ఖర్చు భారమైంది. 1,574వది, ఆఖరిది అయిన 747ను 2023 జనవరి 31న అట్లాస్ ఎయిర్‌కు అప్పగించారు. అది సరుకుల విమానం.