గుండెలో మర్మరం

ఎండుటాకులు కదిలినప్పుడు, కొత్త బట్ట మడతలు ఒరుసుకున్నప్పుడు పుట్టే సద్దును సంస్కృతంలో ‘మర్మరం’ అంటారని అమరకోశం చెబుతుంది. లబ్, డబ్ అనే రెండు గుండె చప్పుళ్ళతో పాటు స్టెతస్కోపులో వినిపించే అదనపు ధ్వనిని వైద్యులు ‘మర్మర్’ అని పిలుస్తారు కనుక, ఈ మాట తెలుగువారి చెవికి పరాయిగా తోచదు. అయినా మామూలు పరీక్షకు వెళ్ళినచోట డాక్టరు నోట అది వినగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం కద్దు. మర్మర్ జబ్బు పేరు కాదు. అది ఒక ధ్వని మాత్రమే, దాని వెనుక జబ్బు ఉన్నదా లేదా అన్నది ఆ తరువాత తేలవలసిన విషయం.

గుండె పై గదులకూ కింది గదులకూ నడుమ ఉన్న రెండు కవాటాలు, అంటే వాల్వులు, మూసుకున్నప్పుడు లబ్ అనే చప్పుడు, పెద్ద ధమనుల మొదట ఉన్న మరి రెండు మూసుకున్నప్పుడు డబ్ అనే చప్పుడు పుడతాయి. సాఫీగా పారే కాలువ చప్పుడు చేయదు; తూము ఇరుకైనచోటా, గండి పడినచోటా నీరు సుడి తిరిగి హోరెత్తుతుంది. అలాగే కవాటం ఇరుకైనా, సరిగా మూసుకోక కారినా, గుండె గోడలో రంధ్రం ఉన్నా నెత్తురు సుడి తిరిగి మర్మర్ వినిపిస్తుంది. జ్వరం, రక్తహీనత, గర్భం వంటి స్థితుల్లో నెత్తురు వేగంగా పారడం వల్ల ఏ లోపమూ లేని గుండెలోనూ అది వినిపించవచ్చు.

స్టెతస్కోపుతో గుండెను వినే ఈ విద్యకు దక్షిణాదిన పాత చిరునామాలు చెన్నపట్నంలోని జార్జి టౌన్‌కు ఇరువైపులా ఉన్నాయి. తెలుగు వర్తకులు తరతరాలుగా కాపురమున్న, కన్యకాపరమేశ్వరి గుడి వెలసిన ఈ పేటకు ఒకవైపు, 1664లో కోటలో మొదలై 1772లో ఇప్పటి చోటికి చేరిన జనరల్ ఆస్పత్రి, దానిని ఆనుకుని మద్రాసు మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఉత్తరాన 1938లో వైద్య కళాశాల అయిన స్టాన్లీ ఉంది. లెన్నెక్ అనే ఫ్రెంచి వైద్యుడు పారిస్‌లో 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండెను విన్న పందొమ్మిదేళ్ళకే, 1835లో, మద్రాసు వైద్య పాఠశాల తెరుచుకుంది. ఆ కాలేజీలోనే చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, తరువాత అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించారు; రక్తహీనత వల్ల మర్మర్ వినిపించే గర్భిణులకు నేడు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది అదే.

పరీక్షకు మొదటి అవసరం నిశ్శబ్దం. తోపుడుబళ్ళ రొద, హారన్ల మోత ఎడతెగని జార్జి టౌన్ మింట్ స్ట్రీట్ వంటి వీధిలో అది తేలిక కాదు కాబట్టి, తలుపు వేసి, ఫ్యాను ఆపి, చొక్కా తీయించి వినడాన్ని చాదస్తంగా భావించరాదు. బట్ట మీదుగా విన్నప్పుడు మెత్తని మర్మర్ చేజారుతుంది. ఛాతీ ఎముకకు కుడిపక్క పైన, ఎడమపక్క పైన, ఎడమ అంచున కింద, ఎడమ చనుమొన దిగువన అనే నాలుగు చోట్ల డాక్టరు వింటారు. ఎడమ పక్కకు ఒత్తిగిలమన్నప్పుడు పై, కింది గదుల నడుమ ఉన్న మైట్రల్ కవాటపు ఇరుకును తెలిపే లోగొంతు గుడగుడ, కూర్చుని ముందుకు వంగి ఊపిరి వదిలి బిగపట్టమన్నప్పుడు పెద్ద ధమని మొదట ఉన్న అయోర్టిక్ కవాటపు కారుడు బయటపడతాయి. తీవ్రతను ఆరు మెట్లుగా లెక్కిస్తారు. నాలుగో మెట్టు నుంచి ఆ కంపం అరచేతికి కూడా తగులుతుంది. లబ్‌కూ డబ్‌కూ నడుమ వినిపించే మర్మర్ నిరపాయమైనది కావచ్చు గాని, డబ్ తరువాత వినిపించేదాన్ని మాత్రం ఎంత మెల్లనిదైనా ఎకో పరీక్ష లేకుండా విడిచిపెట్టరు. ఎకో శబ్ద తరంగాలతో కవాటాల కదలికను తెర మీద చూపుతుంది. అది వచ్చాక చెవితో వినడం దండగ అనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఎకో ఎవరికి కావాలో ముందుగా చెప్పగలిగేది ఆ చెవే.

పిల్లల్లో వినిపించే మర్మర్లలో ఎక్కువ భాగం అమాయకమైనవి. పడుకున్నప్పుడు స్పష్టంగా వినిపించి, లేచి నిలబడగానే తగ్గి, వయసుతో పాటు అవే సమసిపోతాయి. కాని పాలు తాగుతూ చెమట పట్టే శిశువును, పెదవులు నీలంగా మారే బిడ్డను, ఆడుతూ త్వరగా ఆయాసపడే పిల్లవాడిని ఈ కోవలో చేర్చరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ ప్రభుత్వ పాఠశాలలకూ వెళ్ళే వైద్య బృందాలు వెదకవలసిన జబ్బుల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, రుమాటిక్ గుండె జబ్బు రెండూ ఉన్నాయి.

ఈ రెండోదే మన దేశంలో మర్మర్‌కు అత్యంత విచారకరమైన కారణం, ఎందుకంటే ఇది చాలావరకు నివారించదగినది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చిన గొంతునొప్పికి సరైన మందు పడకపోతే, కొన్నాళ్ళకు జ్వరమూ కీళ్ళవాపూ వచ్చి, అవి తగ్గినా కవాటాలు దెబ్బతిని, ఏళ్ళ తరబడి మెల్లగా ఇరుకవుతాయి. ఏ బాధా తెలియని అమ్మాయికి తొలి కాన్పు పరీక్షలో అది బయటపడడం అరుదు కాదు. గర్భంలో నెత్తురు పరిమాణం దాదాపు సగం మేర పెరిగి, ఇరుకు కవాటం ఆ భారం మోయలేక ఆయాసం మొదలవుతుంది. అందుకే చెన్నపట్నం రాయపురంలోని ఆర్.ఎస్.ఆర్.ఎం. ప్రసూతి ఆస్పత్రి వంటి చోట్ల గర్భిణికి రక్తపోటు చూసినంత శ్రద్ధగా గుండె వినడమూ అవసరం. వ్యాధిని తొలినాళ్ళలో పట్టుకున్న బిడ్డకు మూడు, నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేస్తారు. అది ఏళ్ళ తరబడి, నొప్పి ఏదీ లేని రోజుల్లో కూడా, తేదీ తప్పకుండా పడాలి.